ఆమె అడిగింది నీళ్లు, మేం అచ్చేసింది తాళం

2023 ఎండాకాలం. తాండూరులో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా నాకు అప్పటికి ఇరవై ఏళ్లు దాటాయి. కంట్రిబ్యూటర్ అంటే నెల జీతం మీద ఉండే ఉద్యోగి కాదు. ఊళ్లో తన బతుకు తాను బతుకుతూ వార్తలు పంపేవాడు. స్టేషన్‌కు పోయే దారిలో జిరాక్స్ షాపు వెనక ఒక గది, ఒక కంప్యూటర్, రెండు కుర్చీలు. ఇదే నా ఆఫీసు. ఊరి చుట్టూ నాపబండల పాలిషింగ్ యూనిట్లు. అటువైపు నుంచి గాలి వీచిన రోజు నా టేబుల్ మీద వేలితో పేరు రాయొచ్చు.

మా పని తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. జిల్లా పేజీలో మీరు చదివే ధర్నా వార్తల్లో చాలావరకు మేం రాసినవి కావు. ధర్నా చేసినవాళ్లే రాసుకుని వాట్సాప్‌లో పంపుతారు. దాన్ని ప్రెస్ నోట్ అంటాం. మేం అందులో వాక్యాలు కాస్త సరిచేసి డెస్క్‌కు, అంటే పేజీలు తయారుచేసే వాళ్లకు, పంపిస్తాం. నాయకుల పేర్ల వరుస తప్పితే మర్నాడు పొద్దున ఆరింటికల్లా ఫోన్ వస్తుంది. విషయం తప్పిందని మాత్రం ఇన్నేళ్లలో ఒక్క ఫోనూ రాలేదు. విషయం ఎవరిదో వాళ్ల దగ్గర మా నంబర్ ఉండదు.

ఆ ఏడు మా జిల్లా కేంద్రం వికారాబాద్‌లో ఒక కాలుష్య వ్యతిరేక సమితి గట్టిగా పనిచేస్తోంది. కన్వీనర్ ప్రభాకర్ ఒకప్పుడు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. మంచివాడు. వాళ్లు చెప్పేది నిజం కూడా. పాలిషింగ్ మిషన్ల నుంచి వచ్చే తెల్లటి బురదను రోడ్ల పక్కన పారబోస్తున్నారు, అది కంది చేలల్లోకి పోతోంది. ఆ మాట అనడానికి ఎవరో ఒకరు ఉండాల్సిందే. ప్రచారం చేయడంలో ప్రభాకర్‌ను మించినవాడు జిల్లాలో లేడు. కరపత్రం, ఫ్లెక్సీ, వాట్సాప్ స్టేటస్, గోడమీద రాత, దేనికి ఎంత మాట సరిపోతుందో ఆయనకు తెలుసు.

"అన్నా, జనం దుమ్మును చూడరు. ముఖాన్ని చూస్తరు. నాకొక ముఖం కావాలె" అనేవాడు నాతో.

ఆ ముఖం జైనబ్ బీది.

ఆమెకు నలభై ఏళ్లుంటాయి. ఒక పాలిషింగ్ యూనిట్‌లో కటింగ్ మిషన్ దగ్గర పని. మిషన్ అంచులు కోసిన బండలను ఎత్తి పక్కన పేర్చాలి. కోసేటప్పుడు చక్రం మీద నీళ్లు పడుతుంటే దుమ్ము లేవదు. ఎండాకాలం బోరు తగ్గితే యజమాని ఉన్న నీళ్లను పాలిషింగ్ వైపు మళ్లిస్తాడు. కటింగ్ పొడిగా నడుస్తుంది. అప్పుడు అక్కడ నిలబడ్డవాళ్ల కనురెప్పలు కూడా తెల్లబడతాయి. ప్రభాకర్ వాళ్ల బస్తీకి వచ్చి "మీ కష్టమేంది?" అని అడిగితే ఈ కష్టమే చెప్పింది జైనబ్ బీ. చిన్నప్పుడు నాలుగేళ్లు ఉర్దూ బడికి పోయింది కాబట్టి ఆయన రాసుకున్న కాగితం మీద ఉర్దూలో సంతకం కూడా పెట్టింది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం రాదు.

సోమవారం వికారాబాద్ కలెక్టరేట్‌లో ప్రజావాణి. మర్పల్లి నుంచి, మోమిన్‌పేట్ నుంచి, అన్ని వైపుల నుంచీ జనం అర్జీలతో వస్తారు. జనం వస్తారు కాబట్టి విలేకరులమూ అక్కడే ఉంటాం. విలేకరులం ఉంటాం కాబట్టి సంఘాలన్నీ ధర్నాలు సోమవారమే పెట్టుకుంటాయి. కెమెరాలు వచ్చేదాకా నినాదం మొదలవదు, కెమెరాలు పోయాక నినాదం ఉండదు. సమితివాళ్లు ఆ సోమవారం తాండూరు నుంచి పదిమంది ఆడవాళ్లను రైల్లో తీసుకొచ్చారు. బ్యానర్ పట్టుకుని నాయకులు ముందు నిలబడ్డారు. ఎత్తు తక్కువ ఆడవాళ్లు బ్యానర్ వెనక కనబడకుండా పోయారు.

"జైనబమ్మా, నువ్వు జర ముంగటికి రా" అన్నాడు ప్రభాకర్. "మూతికి కట్టుకున్న గుడ్డ తియ్యకు. గట్లనే ఉండు. గీ అట్ట పట్టుకో."

ఆమె అట్ట పట్టుకుంది. నేను కెమెరా ఎత్తాను. ఆమె అట్టను తన వైపు తిప్పుకుని చూసి, నన్నే అడిగింది.

"భాయ్, గిండ్ల ఏం రాసిండ్రు?"

ఎండ ఎదురుగా ఉంది. వెనక ఇంకో సంఘం తొందరపెడుతోంది. "దుమ్ము గురించేనమ్మా, ఇటు తిప్పు" అన్నాను.

తిప్పింది. ఫొటో తీశాను. ఆ అట్ట మీద ఉన్నది: 'పాలిషింగ్ యూనిట్లకు తాళం వేయాలి!'

మర్నాడు ఆ ఫొటో మా జిల్లా పేజీలో పెద్దగా వచ్చింది. కింద నా పేరు. 'యూనిట్లకు తాళం వేయాలంటూ డిమాండ్ చేస్తున్న కార్మికురాలు జైనబ్ బీ' అని వ్యాఖ్య. మూడో రోజుకల్లా అదే ఫొటో ఫ్లెక్సీ అయి తాండూరు చౌరస్తాలో లేచింది. ఆమె ముఖం మంచమంత, కింద 'తాళం' అన్న మాట ఎర్రటి అక్షరాల్లో. ఫొటో వాడుకుంటామని ప్రభాకర్ నన్ను అడిగాడు. నేను సరేనన్నాను. ఆమెను అడగాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

నాలుగో రోజు ఆమె నా గదికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పేపర్ భాయ్ నువ్వేనా?"

"నేనేనమ్మా."

"సూపర్‌వైజర్ పేపర్ సూపెట్టిండు. 'నీ కంపెనీకి నువ్వే తాళం అడిగినవంట, ఇగ తాళం లేని కంపెనీ సూసుకో' అన్నడు. లోపటికి రానియ్యలే. నాతోని పని చేసే అంజమ్మ, పదేండ్ల దోస్తీ, బోరింగ్ కాడ నన్ను సూసి బిందె ఎత్తుకొని పోయింది. 'మా నోట్ల మన్ను గొట్టినవ్' అన్నది." కొంగుతో నోరు మూసుకుని దగ్గింది. "నేను అడిగింది నీళ్లు, భాయ్. మిషన్ మీద నీళ్లు. తాళం నేనెందుకు అడుగుత? తాళం ఏస్తే నేనేడికి పోవాలె?"

నేను ఆనాటి పేపర్ తీసి, ఫొటో కింది వ్యాఖ్యను మళ్లీ చదివాను.

"నిన్ను అడిగిన గద. గిండ్ల ఏం రాసిండ్రని. నువ్వు సదువుకున్నోనివని అడిగిన. దుమ్ము గురించి అన్నవు."

ఇరవై ఏళ్లలో మంత్రుల అనుచరులు నన్ను తిట్టారు, ఇసుక లారీలవాళ్లు బెదిరించారు. వాటికి నిద్ర పాడుచేసుకున్న మనిషిని కాను. ఈ మాటకు మాత్రం తల ఎత్తలేకపోయాను.

ఆమె ముందే ప్రభాకర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"అన్నా, నీళ్లు అనేది చిన్న డిమాండ్" అన్నాడతను. "నీళ్లు కావాలె అంటే నువ్వు మూలకు సింగిల్ కాలమ్ రాస్తవు. తాళం అంటేనే ఫొటో ఏసినవు. ఏసినవా లేదా?"

"ఆమె పని పోయింది, ప్రభాకర్."

"బాధనే. కానీ ఉద్యమంల త్యాగాలు తప్పవు గదన్నా."

జైనబ్ బీ ఫోన్ వైపు వంగింది. "ఎవరి త్యాగం, సార్? మీరేం ఇడిచిండ్రు?"

అతను, "అమ్మా, ఇప్పుడు మాట మారిస్తే కంపెనీలోల్లు నవ్వుతరు. జర ఓపిక పట్టు" అని పెట్టేశాడు.

నాకు మండింది. అతని మీద కంటే, అతను చెప్పింది నిజమైనందుకు ఎక్కువ మండింది. తాళం అన్నందుకే ఫొటో వేశాం. ఉద్యమాలకు గట్టిగా అరవడం నేర్పిందే మేము. ఒక మనిషి తన బాధ చెప్పుకుంటుంది. సంఘం దాన్ని ఫ్లెక్సీకి సరిపోయేలా పెంచుతుంది. పత్రిక దాన్ని శీర్షికకు సరిపోయేలా పెంచుతుంది. చివరికి ఆ మాట ఎవరి నోట పుట్టిందో ఆ నోటికే అది తెలియదు. కానీ పని పోయేది ఆమెకే. ప్రభాకర్ మర్నాడు ఇంకో ధర్నాకు పోతాడు, నేను ఇంకో ఫొటోకు పోతాను.

సవరణ రాసి డెస్క్‌కు పంపాను. డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది.

"ధర్నాలో అట్ట పట్టుకున్న మనిషే నేను అడగలేదంటే నమ్మేదెవరు? మన తప్పని మనమే అచ్చేసుకోవాలా? వదిలెయ్."

"తప్పు నాది. నా పేరుతోనే వెయ్యండి."

"నీ పేరుతో వేసేంత పెద్ద వార్త కాదు."

ఆమె పని పోగొట్టేటంత పెద్దది మాత్రం అయింది.

ఇంతలో యజమానులు కూడా సోమవారం విలువ కనిపెట్టారు. వచ్చే సోమవారం కార్మికులతో వాళ్లూ ధర్నా చేయిస్తారట. ఫ్లెక్సీలు వేసింది సమితికి వేసిన షాపే. శనివారం సాయంత్రం సూపర్‌వైజర్ జైనబ్ బీ ఇంటికి ఒక అట్ట తీసుకొచ్చి, ఇది పట్టుకుని నిలబడితే మళ్లీ పనిలోకి రావొచ్చన్నాడు. ఆమె ఆ అట్టను కొంగులో చుట్టుకుని నా గదికి తెచ్చింది.

"సదువు. ఈసారి సక్కగ సదువు."

చదివాను. 'మా కంపెనీల్లో దుమ్ము లేదు. మా పొట్ట కొట్టొద్దు.'

"దుమ్ము లేదా?" అంది. మళ్లీ చదవమంది. చదివాను. ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. "పొట్ట మాట నిజమే. దుమ్ము మాట అబద్ధం. ఒకటి నిజం, ఒకటి అబద్ధం, రెండూ ఒక్క అట్ట మీద ఎట్ల పట్టుకోవాలె, భాయ్?"

"పట్టుకుంటే పని దొరుకుతుంది" అన్నాను. నేను ఆ మాట అన్నానని దాచను. ఆమె పని తిరిగి రావాలనే ఉంది నాకు.

"మొన్న తెల్వక పట్టుకున్న. ఇప్పుడు తెలిసి పట్టుకోవాల్నా?"

అట్ట నా టేబుల్ మీద వదిలి పోయింది.

ఆదివారం మళ్లీ వచ్చింది, చంకలో ఒక బండముక్క. అంచు కోసినప్పుడు మిగిలే సన్నటి నాపరాతి ముక్క. తాండూరులో అరుగుల కిందా మోరీల మీదా అవే. దాని మీద ఎర్ర రంగుతో ఉర్దూలో రెండు వరుసలు రాసుంది. "కింద తెలుగుల రాయి" అని కుంచె నా చేతికిచ్చింది. ఆమె చెప్పింది, నేను రాశాను.

'మిషన్ మీద నీళ్లు పెట్టుండ్రి. కంపెనీ బందు చెయ్యకుండ్రి. జైనబ్ బీ, నేనే చెప్పిన.'

"మంచిగ రాసినవ్" అంది. "జర ఆగు." బండను ఎత్తుకుని జిరాక్స్ షాపులోకి పోయింది. "బాబూ, గిండ్ల ఏమున్నదో సదువు" అన్న మాట నాకు లోపలికి వినబడింది. అతను పైకి చదివాడు. బయట ఆటో ఎక్కబోతున్న ఒకాయనను కూడా ఆపి చదివించింది. రెండూ ఒకటేనని తేలాక తిరిగొచ్చింది. "ఏమనుకోకు, భాయ్" అంది. అనుకోవడానికి నాకు హక్కు లేదు.

సోమవారం కలెక్టరేట్ బయట ఒకవైపు సమితి, ఇంకోవైపు కంపెనీల బస్సులో వచ్చిన కార్మికులు. వాళ్లలో అంజమ్మ, చేతిలో అట్ట. మధ్యలో జైనబ్ బీ బండను మోకాళ్లకు ఆనించుకుని కూర్చుంది. ప్రభాకర్ నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గీమె ఇప్పుడు మన మనిషా, వాళ్ల మనిషా?"

"ఆమె ఆమె మనిషే" అన్నాను.

కెమెరాలన్నీ ఆమె వైపు తిరిగాయి. నాయకుల బ్యానర్లు రెండు వైపులా అలాగే నిలబడి ఉన్నాయి, చూసేవాళ్లు లేక. అంజమ్మ వచ్చి బండ ముందు నిలబడింది. తన అట్టను చూసింది, దీన్ని చూసింది.

"ఏం రాసినవే?"

జైనబ్ బీ చెప్పింది.

"మరి నా దాంట్ల?"

"నాకు తెచ్చిన అట్టనే గద ఇది. 'దుమ్ము లేదు' అని రాసి ఉన్నదే."

అంజమ్మ అట్టను మడిచి చంకలో పెట్టుకుని ఆమె పక్కన కూర్చుంది.

ఆ ఫొటోను డెస్క్ సంతోషంగా వేసింది. 'బండపై విన్నపం' అని చిన్న బాక్సు కట్టి. సవరణ మాత్రం ఇప్పటికీ రాలేదు.

పాత యజమాని ఇద్దరినీ తీసుకోలేదు. వానలకు ముందు ఊరికి అవతలి వైపు ఉన్న ఇంకో యూనిట్‌లో దొరికింది పని. అక్కడ కటింగ్ చక్రం మీద నీళ్లు చిమ్మే చిల్లుల పైపు ఉంది. చేరేముందు దాన్ని నడిపించి చూపించమన్నదట జైనబ్ బీ. దగ్గు తగ్గిందా అని అడిగితే, "ఉన్న దుమ్ము ఏడికి పోతది, భాయ్" అంది.

ఆనాటి నుంచి చేతిలో అట్ట ఉన్న మనిషిని ఫొటో తీసేముందు ఒకటే అడుగుతాను: 'దీంట్లో ఏం రాసుంది?' చెప్పలేకపోతే చదివి వినిపిస్తాను. విన్నాక కొందరు దాన్ని కింద పెట్టేస్తారు. సంఘాలవాళ్లకు నా మీద కోపం. నాకు పొగరెక్కిందంటారు. ఏ సంఘమైనా, ఏ జెండా అయినా సరే. న్యాయమైన మాటను ఆ మాట యజమానికి తెలియకుండా వాడుకునేవాళ్లు ఆ న్యాయాన్ని దొంగిలిస్తున్నట్టే. అందులో పాలు పంచుకున్నవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

చౌరస్తాలో ఫ్లెక్సీని ఎవరూ దించలేదు. నేనే నిచ్చెన వేయించి దింపి ఆమెకు అప్పగించి, తగలబెట్టమన్నాను. "గట్టి గుడ్డ, ఎందుకు కాలబెట్టాలె" అని వానాకాలం రేకుల కింద కట్టుకుంది, రాత లోపలి వైపు తిప్పి. ఒకసారి వాళ్లింటికి పోతే చాయ్ ఇచ్చింది. తల ఎత్తితే పైన మంచమంత ఆమె ముఖం, ఎర్రటి 'తాళం'.

"తిరగేసి కట్టుకోవచ్చు కదమ్మా?" అన్నాను.

"వద్దు, ఉండనీ" అంది. "ఎవలన్న కాయితం తెచ్చి పట్టుకో అంటే పైకి సూస్త. సూసి, సదువు అంట."

తర్వాత, ఆ పొద్దున ఒక సంఘంవాళ్లు చేతికిస్తే నేను జేబులో పెట్టుకున్న ప్రెస్ నోట్ వైపు చూపు తిప్పింది.

"అది ఎవలది, భాయ్? వాళ్లను అడిగినవా?"