జీపు ఆగింది నా వల్లే

ఒక పేరు ఇన్నేళ్లుగా నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. దావీదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్లు నన్ను మంచివాడంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

అప్పట్లో ఎర్రగుంట్ల దగ్గర ఒక బయోడీజిల్ ఫ్యాక్టరీలో నేను కెమిస్టును. నూనెను డీజిల్‌గా మారిస్తే అడుగున గ్లిజరిన్ మిగులుతుంది, బెల్లం పాకంలా. అది డీజిల్‌లో కలవదు. ఈథర్ అనే ఇంకో రసాయనంగా మారిస్తేనే కలుస్తుంది, పొగ కూడా తగ్గుతుంది. ఆ మార్చడమే నా పని. ముందు గ్లిజరిన్‌లోని ఉప్పూ సబ్బూ తీసెయ్యాలి. తియ్యకపోతే గ్లిజరిన్ గ్లిజరిన్‌గానే ఉండిపోతుంది.

మా యజమాని పార్టీ నాయకుడు. ఎన్నికల ముందు, పులివెందుల సభకు తన జీపు మా ఆయిల్‌తోనే పోవాలని పట్టుబట్టాడు. శుద్ధి చేసే వ్యవధి లేదు. గ్లిజరిన్‌ను అలాగే రియాక్టర్లో పోసి, వచ్చినదాన్ని డీజిల్‌లో కలిపేశాను. పరీక్ష కూడా చెయ్యలేదు. భయపడ్డానా? లేదు. పదిమందిలో ఆయన నా భుజం తట్టాలని ఆశపడ్డాను, అంతే.

సగం దారిలో గ్లిజరిన్ ఫిల్టరుకు అడ్డం పడి జీపు ఆగిపోయింది. ఇంకోచోటైతే నవ్వుకుంటూ బండి తోసేవాళ్లు. ఆ రోజుల్లో మా వైపు నాయకుడి జీపు దారిలో ఆగిందంటే ఎవరో ఆపించారనే లెక్క. బాంబులు పడతాయని అందరూ దూకి పరుగెత్తారు. గొర్రెల మంద తప్ప ఎవరూ రాలేదు. నాయకుడు తన మనుషుల కళ్లముందే కంపచెట్లలో బోర్లా పడుకున్నాడు. ఆ అవమానం తీరడానికి ఎవడో ఒకడు కావాలి.

ఆ సాయంత్రమే ఆయన బావమరిది నా దగ్గరకు వచ్చాడు.

"జీపుకు ఆయిల్ పట్టింది ఎవురప్పా?"

"దావీదు."

"వాడు యా ఊరోడు?"

ఆయిల్‌లో ఏముందని అడగలేదు. ఊరు అడిగాడు. మా ఫ్యాక్టరీలో బండ్లకు ఆయిల్ పట్టే దావీదుది ఎదుటి పార్టీ ఊరు. ఆ ఊరి పేరు చెబితే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. తెలిసే చెప్పాను. ఆ రోజే అతని చేతులు రెండూ విరగ్గొట్టారు.

ప్రొద్దుటూరు ఆస్పత్రికి చూడబోయాను. ఏ మొహం పెట్టుకుని పోయానో!

"ఆయిల్ పట్టే పైపు నేనే సరిగా తుడవలేదేమో సార్. తప్పు నాదేనేమో" అన్నాడు దావీదు.

"పోనీలే దావీదూ" అన్నాను.

చూశారా? నేను అతన్ని క్షమించాను! ఫ్యాక్షన్ అలాంటిదనీ, కాలం అలాంటిదనీ, కర్రలు పట్టినవాళ్లు పశువులనీ ఇన్నేళ్లూ అందరితో కలిసి తిట్టాను. కొట్టినవాళ్లకు నిజం తెలియదు. నాకు తెలుసు. వాళ్లా, నేనా, ఎవరు నీచులు?

దావీదు ఇప్పుడు లేడు. చివరిదాకా ఆ పైపు గురించే బాధపడ్డాడని అతని భార్య చెప్పింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. మీరు నన్ను ఓదార్చకండి, దానికి నేను తగను. చెప్పేశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, దానికి కూడా సిగ్గుగానే ఉంది.

పైపు శుభ్రంగానే ఉంది దావీదూ. ఆయిల్ చెడగొట్టింది నేను.