నిద్ర లేవని కారు

మేము గల్ఫుకు వచ్చిన కాలంలో మనిషి తన గురించి ఏం చెప్పుకుంటే అదే నిజం. ఊరికి ఫోను చేసి కనుక్కునే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. అందుకని దోహాలో దిగిన రోజే నేను టైర్ల నిపుణుణ్ణయిపోయాను. ప్రొద్దుటూరులో నా చేతి మీదుగా వందల లారీలు మళ్ళీ రోడ్డెక్కాయని అందరికీ చెప్పాను. (లారీలు కావు, సైకిళ్ళు. వందలూ కావు. నేను చెప్పేదాంట్లో సగం మీరు తీసేసుకోండి, మిగతా సగం మధ్యమధ్యలో నేనే తీసేస్తుంటాను.)

అల్ ఘర్రాఫాలో ఒక పెద్దావిడ విల్లాలో హౌస్ డ్రైవర్‌గా కుదిరాను. పనివాళ్ళందరం ఆవిణ్ణి 'మామా' అనేవాళ్ళం. (అక్కడ మామా అంటే అమ్మ. మొదటి వారం నాకు నోరు తిరగలేదు.) ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. దుఖాన్‌లో చమురు కంపెనీలో పనిచేసే రోజుల్లో ఆయన అమెరికా నుంచి ఓడలో తెప్పించుకున్న కారు ఇంకా షెడ్డులో ఉండేది. లేతాకుపచ్చ రంగు, వెనక చేప తోకలాంటి రెక్కలు, తెల్లంచు టైర్లు. ఆ టైర్లు కూడా కారుతోపాటు ఓడ దిగినవే.

రోజూ పొద్దున్నే మామాను ఆ కారులో తిప్పడం నా డ్యూటీ. తిప్పడమంటే ఎంత దూరమనుకున్నారు? గేటు దాటగానే కారు రాళ్ళబాటలో ఎడ్లబండిలా దబ్ దబ్ మని కుదిపేది. వెనక సీట్లో మామా కళ్ళు మూసుకుని కూర్చునేది. పెద్ద రౌండబౌట్ దాటేసరికి ఆ కుదుపు తగ్గి తగ్గి ఆగిపోయేది. ఇక హాయిగా పోవచ్చు అని నేను కుదురుకునేలోపే వెనక నుంచి ఒకటే మాట వినపడేది: "ఖలాస్. ఇంటికి పద."

ఈ విచిత్రం వంటాయనకు చెప్పాను. ఆయనది జగిత్యాల వైపు. నోట్లో మాట దాచుకునే రకం కాదు.

"ఏంది తమ్మీ, లారీల టైర్లే మార్చినోనివి, గీ ముసలవ్వ కారు సక్కగ చేయరాదా? గా ఎగురుడుకు ఆమె నడుము ఇరిగితే ఎవడు జవాబు చెప్తడు?"

"అదేం బెమ్మాండమన్నా? సిటికెలో సేస్తా సూడు," అన్నాను.

మామా కొడుకును అడిగితే, ఆ టైర్లు బీటలు వారాయి, మార్చి పారెయ్యమని సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మలయాళీ ముసలాయన టైర్ల షాపు ఉండేది. అందరూ ఆయన్ని 'ఇక్కా' అనేవారు, అంటే అన్న. ఆయన దగ్గర నాలుగూ కొత్తవి వేయించాను. వేయించానంటే, అన్నీ దగ్గరుండి నేనే బిగించాను. (నేను టీ తాగాను. బిగించింది ఇక్కా.) మామా ఆశ్చర్యపోవాలని ఆవిడకు ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు కారు గేటు దాటింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. అద్దంలో చూస్తే మామా కళ్ళు మూసుకునే ఉంది. రౌండబౌట్ దాటింది, ఖలాస్ అనలేదు. ఎంత సుఖంగా ఉందో పాపం అనుకుని దుఖాన్ రోడ్డు పట్టాను. ఇసుక వచ్చింది, ఒంటెలు వచ్చాయి, పెట్రోలు ముల్లు కిందికి వచ్చింది. ఖలాస్ మాత్రం రాలేదు. చివరికి రోడ్డే అయిపోయింది. ఎదురుగా దుఖాన్ సముద్రం.

అప్పుడు మామా కళ్ళు తెరిచింది. మా ఇద్దరిదీ సగం అరబ్బీ, సగం హిందీ భాష. ఆ భాషలోనే మెల్లగా అడిగింది: "ఈరోజు కారు నిద్ర ఎప్పుడు లేచింది?"

నాకు అర్థం కాలేదు. కొత్త టైర్ల సంగతి ఛాతీ విరుచుకుని చెప్పాను. ఇక జీవితంలో కుదుపే ఉండదన్నాను.

ఆవిడ సముద్రం వైపే చూస్తూ చెప్పింది: "ఆయన డ్యూటీకి పోతూ రోజూ నన్ను మా అమ్మ ఇంటి దగ్గర దించేవాడు. కారు దబ్ దబ్ మంటుంటే, ఇది ఇంకా నిద్ర లేవలేదు, గట్టిగా మాట్లాడకు అనేవాడు. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. అది లేచిన తర్వాత ఆయనకు కంపెనీ సంగతులే. ఆ కాస్త దూరమే ఆయన నా మనిషి." ఆగి, నా వైపు తిరగకుండానే అంది: "ఆయన్ని దించేశావు, అబ్బాయ్."

దారిలో పెట్రోలు పోయించుకుని ఆవిణ్ణి ఇంటికి చేర్చాను. మర్నాడు మామా గది దాటి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వంటాయన పంపిన పళ్ళేలు పంపినట్టే తిరిగొచ్చాయి. "నీ సిటికె సల్లగుండ! ఎంత పని జేసినవ్ తమ్మీ," అని ఆయన తల పట్టుకున్నాడు.

నేను ఇక్కా దగ్గరికి పరుగెత్తాను. "టైరంటే ఒట్టి రబ్బరనుకున్నావా? లోపల దారాల అల్లిక ఉంటుంది," అన్నాడాయన. "ముందు నూలు, తర్వాత రేయాన్, ఆ తర్వాత నైలాన్. నీవి నైలాన్‌వి. వేడి మీద తెచ్చి నిలబెడితే నేలకు ఆనిన చోట చదునుగా బిగుసుకుంటుంది. పొద్దున కాస్త తిరిగి వేడెక్కితే మళ్ళీ గుండ్రమవుతుంది. అది రోగం కాదు నాయనా, దాని తీరు." మూడు టైర్లు అప్పటికే తుక్కు లారీలో పోయాయి. నాలుగోది ఆయన కిందే ఉంది. తెల్లంచు ముచ్చటగా ఉందని దాని మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

ఆ ఒక్కటీ తెచ్చి వెనక కుడివైపు, మామా కూర్చునే చోటి కింద వేయించాను. మెల్లగా నడుపుతానని ఆవిడ కొడుక్కి ఒట్టు వేశాను. సాయంత్రం ఒకసారి కారును బయట తిప్పి తెచ్చి షెడ్డులో నిలబెట్టాను. మర్నాడు వంటాయన బతిమాలి మామాను తీసుకొచ్చి ఎక్కించాడు. గేటు దాటాం. దబ్... కాస్త ఆగి మళ్ళీ దబ్. నాలుగు కాళ్ళ చప్పుడు కాదు, ఒంటికాలి కుంటుడు. అద్దంలో చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

"కుంటుతున్నాడు," అంది మామా. గొంతులో నవ్వుందో ఏడుపుందో తెలియలేదు. "అయినా వచ్చాడు."

రౌండబౌట్ దాటింది. "ఖలాస్. ఇంటికి పద." ఆ మాట వినగానే గట్టిగా కేకేశాను. (కేక వెయ్యలేదు. కళ్ళు తుడుచుకున్నాను.)

మామా పోయేదాకా ఆ టైరు నిలిచింది. తర్వాత కారును ఎవరో కొనుక్కుని పోయారు. నేనిప్పుడు దోహాలోనే, అల్ మన్సూరాలో మా అబ్బాయి ఫ్లాటులో ఉంటున్నాను. పొద్దున మంచం దిగితే మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. గోడ పట్టుకుని కుంటుతూ వంటింటి దాకా వెళ్ళేసరికి సర్దుకుంటాయి. డాక్టరు దగ్గరికి పోదాం రండి మామయ్యా అని మా కోడలు పోరుతుంది. వద్దమ్మా అంటాను. మా ఆవిడ ఉన్నప్పుడు ఈ కుంటి అడుగుల చప్పుడు విని పొయ్యి మీద టీ పెట్టేది. నాలుగు అడుగులు వేస్తే సర్దుకుంటుందని నాకూ తెలుసు. అందుకే ఆ నాలుగు అడుగులూ మెల్లగా వేస్తాను.