మా ఆవిడ అరగదీసిన అద్దం

కోపం రాదా మరి? ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. చెయ్యి చూపించకుండా అడ్డంగా దూరే ఆటోవాళ్ళ మీద కూడా నాకింత ఒళ్ళు మండలేదు. మా ఊళ్ళో నక్షత్రాలు చూసేవాళ్ళ సంఘం అధ్యక్షుడున్నాడే, రిటైరైన లెక్చరర్ గారు, ఆయన నన్ను నిలువునా ముంచాడు. మొదట్నుంచీ చెప్తాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

మా ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో ఇరవై రెండేళ్ళు అద్దాలు అరగదీసింది. షాపు మూసేశాక చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? వెనక గదిలో నా పాత సామానంతా బయట పారేయించి, మధ్యలో ఇనప పీపా నిలబెట్టి, దాని మీద పళ్ళెమంత గాజుబిళ్ళ బిగించింది. దాని మీద ఇంకో గాజుబిళ్ళ. మధ్యలో తడిపిన గరుకు పొడి. పై బిళ్ళని ముందుకీ వెనక్కీ తోస్తూ, కాస్త తిప్పుతూ, పీపా చుట్టూ ఒక్కో అడుగు వేస్తూ తిరగడమే పని. అలా తోయగా తోయగా పై బిళ్ళలో సన్నగా గుంట పడుతుందట. టెలిస్కోపుకి ఆ గుంటే ప్రాణమట.

"గానుగెద్దులా ఏమిటే ఈ తిరుగుడు?" అన్నాను.

"మీరు ముప్పై ఏళ్ళు ఒకే రూట్లో తిరిగారు. నేనేమైనా అన్నానా?" అంది.

నేను పేపరు పట్టుకుని వరండాలోకి జారుకున్నాను.

గరుకు పొడి అయ్యాక మెత్తటిది, అదయ్యాక ఇంకా మెత్తటిది. పొడి మార్చినప్పుడల్లా గదంతా కడిగేది, గోళ్ళ సందులతో సహా. పాత పొడి రేణువు ఒక్కటి మిగిలినా గాజు మీద గీత పడుతుందట. ఆఖర్న నల్లటి తారు ముద్ద మీద పాలిష్. తర్వాత కిటికీలకి దుప్పట్లు కట్టి, చిన్న దీపమూ ఒక బ్లేడూ పెట్టుకుని, అద్దం మీద పడే నీడ చూసేది. వెంట్రుకలో వెయ్యో వంతు ఎత్తున్నా ఆ నీడలో తెలిసిపోతుందిట. చేతి వేడికి గాజు ఉబ్బుతుందని, చూసే ముందు గంటలు గంటలు చల్లారనిచ్చేది. నీడ నచ్చకపోతే మళ్ళీ పీపా చుట్టూ తిరుగుడే. ఎనిమిది నెలలండీ!

అద్దానికి వెండిలా మెరిసే పూత వేయించి తెచ్చిన రోజున దాన్ని ఒళ్ళో పెట్టుకుని అంది: "ఇన్నేళ్ళూ ఎవరో రాసిచ్చిన నంబరుకి అరగదీశాను. ఇదొక్కటే నాది. దీంట్లోంచి పిల్లలు చూడాలి."

అందుకే కదా ఆ సంఘం వాళ్ళు గ్రంథాలయం మేడ మీద పెట్టే టెలిస్కోపుకి ఇస్తానంది! లెక్చరర్ గారు ఇంటికొచ్చాడు. ప్రశ్నలన్నీ నన్నడుగుతాడు. జవాబులు ఆవిడ చెప్తుంది. ఆయన నా మొహం చూసి తలూపుతాడు! జవాబు చెప్పేదెవరో కళ్ళు కనపడవూ? అద్దం ఇస్తున్నట్టు కాగితం మీద సంతకం కూడా నా చేతే పెట్టించాడు.

ప్రారంభం రోజు బోర్డు చూద్దును కదా, 'అద్దం తయారుచేసినవారు' అని నా పేరు! పేరు రాసేముందు ఒక్క మాట అడగొద్దూ? చెప్దామనే అనుకున్నాను, ఒట్టు. ఇంతలో మైకులో పిలిచారు. జనమంతా లేచి చప్పట్లు. నా జన్మలో నాకెవరు కొట్టారండీ చప్పట్లు? బస్సు ఆలస్యమైతే తిట్లే తిన్నాను. కాళ్ళు వాటంతటవే వేదిక ఎక్కాయి. మూడో వరసలోంచి మా ఆవిడ లేచి బయటికెళ్ళిపోయింది. మంచినీళ్ళకేమో అనుకున్నాను. అబద్ధం. అలా అనుకోలేదు.

అంతలో రెండు జడల పిల్ల ఒకతి లేచి, "అంకుల్, అద్దాన్ని ఎలా శుభ్రం చెయ్యాలి?" అనడిగింది. నాకేం తెలుసు? తెలీదంటే పరువేం కావాలి? బస్సు అద్దం తుడిచినట్టే చెప్పాను: "వారానికోసారి గుడ్డకి పళ్ళపొడి అద్ది గట్టిగా రుద్దండి. తళతళలాడుతుంది." మళ్ళీ చప్పట్లు.

ఇంటికొచ్చి బోర్డు మార్పిస్తానన్నాను. "మీ ఇష్టం" అంది. రేపంటే రేపని ఐదు నెలలు గడిపేశాను. ఆవిడ మాత్రం వారం వారం వెళ్ళి మేడమెట్ల దగ్గర నిలబడేది. పైన పిల్లలు శనిగ్రహాన్ని చూసి "ఉంగరం! ఉంగరం!" అని అరిచే అరుపులు వినడానికి.

మొన్న పొద్దున లెక్చరర్ గారు తువ్వాలులో అద్దం చుట్టుకుని వచ్చాడు. అంతా మసక మసకగా కనపడుతోందట. మా ఆవిడ విప్పి చూసింది. పూత చారలు చారలుగా లేచిపోయింది, కింద గాజంతా గీతలే.

"ఏ బుద్ధిలేనివాడు రుద్దమన్నాడయ్యా దీన్ని?" అని గొంతు చించుకున్నాను. దుమ్ము పడ్డా నష్టం లేదనీ, రుద్దితేనే చచ్చిపోతుందనీ ఆవిడ తువ్వాలు విప్పగానే చెప్పింది మరి.

"అదేమిటండీ! పళ్ళపొడితో రుద్దమని వేదిక మీద మీరేగా చెప్పారు! ఒక్క వారం కూడా మానలేదు," అన్నాడు.

మా ఆవిడ నాకేసి చూసింది. తిట్టినా బాగుండేది.

"వాళ్ళ తప్పేముంది? తయారుచేసినాయన మాట విన్నారు," అంది.

"మళ్ళీ చేసి పెట్టాలి మాస్టారూ," అన్నాడాయన, నాతోనే.

"నాకు చేతకాదండీ. గరుకు పొడి ముట్టుకుని కూడా ఎరగను. చేసింది ఈవిడ. అంతా ఈవిడే. ఆ రోజు నేను అబద్ధమాడాను," అన్నాను.

ఆ పెద్దమనిషి ఏం చేశాడో తెలుసా? నవ్వాడు! "ఎంత నిగర్వులండీ మీరు! భార్యకి ఇంత గౌరవమిచ్చేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదు," అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

మా ఆవిడ అద్దం తీసుకుని వెనక గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. ఆయన ఇంకా నా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.