బజ్జో ఆట

మా పాప దియ ఈ రోజు బతికి ఉందంటే అది కనకదుర్గ గారి పుణ్యమే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఆవిడని తిడతాను.

అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఆవిడ తన ఇంట్లోనే డేకేర్ నడిపేది. భర్త వీసా మీద వచ్చి, పనిచేసే హక్కు లేక తొమ్మిదేళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. పర్మిట్ చేతికొచ్చాక ముందుగది ఖాళీ చేసి, లైసెన్సు తెచ్చుకుని, ఐదుగురు పిల్లల్ని చేర్చుకుంది. పిల్లలకి పప్పన్నం, మాకు చీవాట్లు. ఐదింటికి రావలసిన వాళ్లం పది నిమిషాలు ఆలస్యమైతే, మా మేనేజర్ కూడా అనని మాటలు అనేది. గోడ మీది లైసెన్సు ఫ్రేమును రోజూ తుడిచేది. ఆవిడకంటూ ఈ దేశంలో ఉన్నది అదొక్కటే. భర్త హర్షవర్ధన్ కన్సల్టెంటు. సోమవారం విమానమెక్కితే గురువారం దిగేవాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, పిల్లలు వెనక గదిలో నిద్రపోతుండగా, బూడిదరంగు కారొకటి ఆ వీధిలో నెమ్మదించింది. కిటికీలోంచి తుపాకీ బయటకొచ్చింది. పక్కింటి ట్రెవర్ తన ఇంటి ముందు కారు కడుక్కుంటుంటే తూటా మెడలో దిగింది. దుర్గ గారు తువ్వాలు పట్టుకుని పరుగెత్తి, అతని మెడ మీద అదిమి పట్టింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు చిమ్ముతూనే ఉంది. అంబులెన్సు వచ్చేసరికే పోయాడు. ఆ కార్లోవాళ్లు వెతుక్కుంటూ వచ్చింది అతని అన్న కోసమట. ఆ అన్న ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు.

ఆ రోజు ఒక తూటా దుర్గ గారి ముందుగది గోడని చీల్చింది. ఆవిడ పోలీసులకి చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు, మాకూ చెప్పలేదు. చిల్లు మీద వెంకన్న కేలండర్ తగిలించింది. చెబితే డేకేర్ మూయిస్తారని భయం. మేమైనా గుచ్చి అడిగామా? వాళ్ల గొడవేదో వాళ్లది అని ఆవిడంటే, సరే అనుకున్నాం. వీధి వీధంతా పట్టపగలే బ్లైండ్స్ దించుకుంది. పిల్లల సైకిళ్లు గరాజుల్లోకి వెళ్లిపోయాయి. మేం మాత్రం పిల్లల్ని దింపేసి ఆఫీసులకి పోయాం.

ఆవిడ పిల్లలకి ఒక ఆట నేర్పింది. "బజ్జో" అని అరవగానే ఎక్కడివాళ్లక్కడ బోర్లా పడుకోవాలి. ఆఖరున పడుకున్నవాళ్లు దొంగ. మొదట పడుకుంటే బెల్లంముక్క. రోజుకి నాలుగైదుసార్లు ఆడించేది. దియ ఇంట్లో కూడా ఆడుతుంటే ముచ్చటపడి వీడియో తీశాను, బుద్ధిలేనిదాన్ని.

ఆగస్టులో ఒక గురువారం హర్షవర్ధన్ ఎయిర్‌పోర్టు నుంచి పెందలాడే వచ్చాడు. సూట్‌కేసుతో ముందుగదిలో ఇంకా నిలబడే ఉన్నాడు. అంతలో కిటికీలోంచి ఆ బూడిదరంగు కారు ఆవిడ కంటబడింది. "బజ్జో" అని అరిచి నేలమీద పడిపోయింది. ఐదుగురు పిల్లలూ పడుకున్నారు. అతను నవ్వాడు.

"ఏంటే, నేను కూడానా?" అన్నాడు.

అదే అతని ఆఖరి మాట. పద్దెనిమిది తూటాలు, పక్కింటి అన్న కోసం పేల్చినవి. కిటికీ అద్దం పగిలి పిల్లల వీపుల మీద పడింది. ఒక తూటా అతని గొంతులోంచి, ఇంకొకటి కడుపులోంచి దూసుకుపోయాయి. సూట్‌కేసు మీద కూలిపోయాడు. ఆవిడ గాజుపెంకుల మీదే పాక్కుంటూ వెళ్లి, రెండు చేతులతో ఆ గొంతు మూయబోయింది.

నేను వెళ్లేసరికి ఇంటి చుట్టూ పోలీసుల పసుపు టేపు. దుర్గ గారు గుమ్మంలో కూర్చుని ఉంది, మోచేతుల దాకా నెత్తురు. నాకు ఆవిడ కాళ్లు పట్టుకోవాలనీ అనిపించింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆయనకి చెప్తే క్లోజ్ చేసెయ్యమంటారని, పూజితా" అంది.

కార్లో దియ జుట్టులోంచి గాజుముక్కలు ఏరుతున్నాను. అది నాకేసి బుంగమూతి పెట్టి చూసింది.

"మమ్మీ, నేనే ఫస్ట్ బజ్జున్నా. అంకుల్ లాస్ట్. అంకులే దొంగ. కానీ ఆంటీ నాకు బెల్లం ఇవ్వలేదు."