గడప తొక్కే గంట

ఈ ఉదయం మా కొట్లో కొత్తగా చేరిన అమ్మాయి ఏదో అడిగితే, ఆమె ఫోను తియ్యటి గొంతుతో జవాబిచ్చింది: ఢిల్లీ నుంచి బెంగళూరుకు విమానంలో రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. ఆ ముక్కనే ఆమె ఎదురుగా ఉన్న పుంగనూరు మనిషికి అప్పజెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఆయన కొడుకు చేరాల్సింది పుంగనూరులో ఇంటికి కదా! ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు జయరాజు సార్ గుర్తొస్తారు.

మదనపల్లె బస్టాండు ఎదురుగా ఉన్న ఈ టికెట్ల కొట్టు ఆయనదే. నాకు పని నేర్పిందీ ఆయనే, తిట్లతో. ప్రతి టికెట్టు వెనకా ఎర్ర పెన్నుతో రెండు సంగతులు రాసేవారు: ఇక్కడ గడప దాటే గంట, అక్కడ గడప తొక్కే గంట. సామాను కోసం నిలబడేది, బెంగళూరు ట్రాఫిక్కు, చింతామణి రోడ్డు, డ్రైవరు టీకి ఆగేది, అన్నీ అందులో కలిపేవారు. "ఇమానమోళ్ళు వాళ్ళ టైము చెప్తారు. మనోళ్ళ టైము మనం గాకపోతే ఎవురు చెప్తారమ్మా?" అనేవారు. ముసలాయన చాదస్తమని లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒక వేసవిలో ఆయన కుప్పంలో పెళ్ళికి వెళ్ళారు. కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. సాయంత్రం పెద్దపంజాణి దగ్గరి పల్లె నుంచి ఒకతను వచ్చాడు. మధ్యాహ్నమే వాళ్ళమ్మ పోయింది. అక్క ఎస్తేరు ఢిల్లీలో నర్సు. మర్నాడు పొద్దున పది గంటల విమానానికి ఆమెకు టికెట్టు చేశాను.

"మా యక్క ఎన్ని గంటలకి వస్తాదమ్మా? పాస్టరుకి సమాధి టైము చెప్పల్ల" అన్నాడు.

"ఇమానం రెండుముక్కాలు గంటేనన్నా. ఆడ్నించి కారులో వస్తే రెండున్నరకంతా ఇంట్లో ఉంటాది" అన్నాను. ఎర్ర పెన్ను ముట్టుకోలేదు.

నా మాట నమ్మి వాళ్ళు మూడింటికి సమాధి అనుకున్నారు. ఎలాగూ వచ్చేస్తుంది కదా అని ఐస్ బాక్సు కూడా తెప్పించలేదు. దారి పొడుగునా ఎస్తేరు ఫోన్లో "వస్తాండా, వస్తాండా" అంటూనే ఉందట. ఆ ఎండకు నాలుగు దాటాక ఇక ఉంచలేకపోయారు. ఆమె కారు దిగేసరికి ఐదున్నర. అప్పటికే మట్టి పూడ్చేశారు.

సార్ తిరిగొచ్చి సంగతి విన్నారు. "ఎందుకు రాయలేదు?" అన్నారు. "నడువు" అని బస్సెక్కించి ఆ ఇంటికి తీసుకెళ్ళారు. అక్కడ నన్నే ముందు నిలబెట్టారు. ఎస్తేరు గడప మీద కూర్చుని ఉంది.

"మా తమ్మునికి రెండున్నరని ఎవురు చెప్పినారు?"

"నేనేనక్కా."

"సాయంత్రమవుతాదని చెప్పింటే బాక్సు తెప్పించుకుండేవోళ్ళు. నేను మా యమ్మ మొగం సూసుకుండేదాన్ని" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు బస్సులో సార్ కిటికీ వైపే చూస్తూ అన్నారు: "నీ మింద నాకు కోపం పోదమ్మా. నీక్కూడా పోగూడదు."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా మీద నాకు కోపం మాత్రం పోలేదు. ఈ ఉదయం పుంగనూరు మనిషిని వెనక్కి పిలిచి, కొడుకు వచ్చేది ఎందుకో, ఇంట్లో ఎవరు కాసుకుని ఉంటారో అడిగాను.

"అన్నీ ఫోనే చెప్తాది కదక్కా?" అంది కొత్తమ్మాయి.

"ఫోనుకి అమ్మ ఉండాదా, కడసారి సూసుకునేదానికి?" అని ఎర్ర పెన్ను ఆమె ముందుకు విసిరాను. "రాయి."