సువార్తమ్మ అక్క అడిగిన ఫొటో

ఈ శుక్రవారం (కువైట్‌లో మాకు సెలవు ఆ రోజే) ప్రార్థన అయ్యాక మా చర్చివాళ్లం ఇక్కడి సులైబియాలో ఒక గోదాములో చేరి, వచ్చే వారం జాంబియా వెళ్లే సేవా బృందం కోసం దుప్పట్లు, మందులు సర్దాం. పోయినేడు నేనూ వెళ్లాను కదా, మధ్యలో ఫోన్ తీసి అప్పటి ఫొటోలు గొప్పగా చూపించాను. కువైటీ వాళ్లింట్లో వంట చేసే రాయచోటి సువార్తమ్మ అక్క, బిడ్డనెత్తుకున్న ఒక తల్లి ఫొటో దగ్గర ఆగిపోయింది.

"ఈ పోటో ఆయమ్మకిచ్చినావా నాయనా?"

"లేదక్కా. చర్చిలో చూపించేదానికి తీసినాం."

"నా చిన్నప్పుడు మా ఊరికీ ఇట్లే దొరలు వచ్చినారు. మా యమ్మ సంకలో నేనుంటే పోటో తీసుకోని పోయినారు. మా యమ్మ పోయేదాంక ఆ పోటో మాటే చెప్తాండె. మా యమ్మ పోటో అంటూ ఉండేది అదొక్కటే. ఏ దేశంలో ఉందో ఏమో!"

అనేసి మళ్లీ దుప్పట్లు మడతపెట్టుకుంది.

సాయంత్రం స్టూడియోకి వెళ్లి ఆ ఫొటోలన్నీ ప్రింట్ చేయించి, ఆ ఊళ్లో ఎవరివి వాళ్లకివ్వమని రాసి మందుల పెట్టెలో పైన పెట్టాను. చూస్తే దాదాపు అన్నిటిలోనూ మధ్యలో నేనే నవ్వుతున్నాను. కత్తిరించుకుంటారులెండి.

మీ ఫోన్‌లోనూ ఎవరో ఒకరి తల్లి ఉండే ఉంటుంది. ఒకసారి చూస్తారా?