చల్లగా ఉన్న దీపం

చమ్‌నియన్‌కు దుకాణం లేదు. తుంగ్‌సోంగ్ ఊరి సంత వెనక, పియన్ టీ అంగడి చూరు కింద ఒక బల్ల ఉంది. దాని మీద సోల్డరింగ్ ఐరన్, గుడ్డపీలికలు, సిరంజిలో తెల్లటి పేస్టు. పక్క బల్ల నాది. రబ్బరు చెట్లు గీసే కత్తులు సానబడతాను.

మా వాళ్లు చీకటితోనే తోటల్లోకి వెళతారు. నుదుటికి కట్టుకున్న దీపం ఆరిపోతే ఆ రోజు రబ్బరు పాలు లేనట్టే. అందుకని దీపాలు బాగుచేసేవాళ్లను ఎవరూ ఊరికే నమ్మరు. లోపలి ఎల్‌ఈడీ మార్చేస్తారేమోనని దాని అంచున గోళ్లరంగు చుక్క పెట్టి మరీ ఇస్తారు.

చమ్‌నియన్ కూడా ఒకప్పుడు చెట్లు గీసింది. మణికట్టు పాడై ఇంట్లో కూర్చున్నప్పుడు తన దీపాన్నే విప్పి చూసింది. మొదటిది కాలిపోయింది. తర్వాతది వెలిగింది. ఎల్‌ఈడీ ఉన్న రేకు కింద బియ్యపుగింజంత పేస్టు పెట్టి, రెండు మరలనూ మార్చి మార్చి బిగిస్తుంది. ఆ పేస్టు అతికించేది కాదు, ఆరేదీ కాదు. రేకుకూ దీపపు గొట్టానికీ మధ్య సన్నటి సందులను పూడ్చి వేడిని బయటికి పంపుతుంది. ఎక్కువైతే మాత్రం అదే అడ్డం.

ఆ ఏడు వానలు తగ్గాక విచియన్ అనే కుర్రాడికి దీపం అలాగే చేసిచ్చింది. కొన్నాళ్లకు అతను టీ అంగడిలో గొంతు పెంచాడు.

"చమ్‌నియన్ అక్క నా ఎల్‌ఈడీ కాజేసింది. నాలుగు చెట్లు గీసేసరికి మిణుగురు పురుగైపోతోంది."

"నీ చుక్క లోపలే ఉందిగా?" అంది పియన్.

"గోళ్లరంగు ఆమెకు దొరకదా పిన్నీ?"

ఆ మాట తోటల్లోకి పాకింది. జనం దీపాలు పట్టుకుని బస్సెక్కి పట్నం పోవడం మొదలుపెట్టారు. చమ్‌నియన్ బల్ల ఖాళీ అయింది. నాకూ అనుమానం తగిలింది. ఆ సిరంజి ఎక్కడిదని అడిగాను.

"నీ సానరాయి ఎక్కడిదని నేనెప్పుడైనా అడిగానా?" అంది.

సంతరోజున ఆమె స్క్రూడ్రైవర్ తీసుకుని టీ అంగడిలోకి వెళ్లి విచియన్ ఎదురుగా కూర్చుంది.

"విప్పు. నేను ముట్టుకోను."

"నేనెందుకు విప్పాలి?"

"నేను విప్పితే మళ్లీ ఏదో మార్చానంటావు."

అతను దీపం మీద అరచెయ్యి కప్పాడు.

"ఏంట్రా, లోపల ఎవరి ఫొటో దాచావ్?" అంది పియన్. అందరూ నవ్వారు. ఇక తప్పక విప్పాడు.

మర ఒక్కటే ఉంది. "నేను రెండు పెట్టాను," అంది చమ్‌నియన్. రేకు పైకి రాలేదు. మొన పెట్టి లేపితే సాగుతూ లేచింది. కింద గోధుమరంగు పొర. గుప్పున పచ్చి రబ్బరు వాసన. అక్కడున్న వాళ్లెవరికీ అదేమిటో చెప్పే పని లేకపోయింది.

"ఎవరో విప్పారు," అన్నాడు విచియన్.

"మీ ఇంట్లో దయ్యాలు కూడా రబ్బరు గీస్తాయా?" అంది పియన్.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు చేసిచ్చాక గొట్టం వేడెక్కింది అక్కా. నుదురు చురుక్కుమంది. నాసిరకం సరుకు పెట్టావనుకున్నా. విప్పి చూస్తే పేస్టు పచ్చిగానే ఉంది. ఆరని జిగురు పెట్టి నన్ను మళ్లీ మళ్లీ తిప్పుకుందామని చూస్తున్నావనుకున్నా. తుడిచేసి రబ్బరు పాలు రాశా. పాలు గడ్డకట్టించే యాసిడ్ ఒక చుక్క వేస్తే గట్టిగా పట్టేసింది. గొట్టం చల్లబడింది కూడా!"

"చల్లబడదా మరి? వేడి లోపలే ఉడుకుతోంది. ఎల్‌ఈడీకి దుప్పటి కప్పావురా!"

"ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడిగావా?"

"అడిగితే నిజం చెబుతావని నమ్మకమేంటి?"

ఆమె దీపాన్ని తన ముందుకు లాక్కుంది. రబ్బరును వెదురు పుల్లతో గీకింది. యాసిడ్ తిన్న అంచును స్పిరిట్‌తో తుడిచింది. పేస్టు పెట్టి, కొత్త మర వేసి బిగించి, దీపాన్ని అతని చేతికిచ్చింది. అతను వెలిగించి బస్తాల వెనక చీకటి మూలకు పట్టాడు. గొట్టం వేడెక్కుతుంటే చేతులు మార్చుకున్నాడు. ఒకసారి వాసన కూడా చూశాడు. మా టీలు అయిపోయినా వెలుగు తగ్గలేదు.

"ఎంతివ్వాలి?"

"డబ్బొద్దు. ఇక్కడ అన్న మాట ఇక్కడే వెనక్కి తీసుకో."

విచియన్ చుట్టూ చూశాడు. బల్లలన్నీ నిండి ఉన్నాయి. "నేనే విప్పాను," అన్నాడు గ్లాసులోకి.

"వినపడలేదు," అంది పియన్.

"నేనే విప్పాను! ఎల్‌ఈడీ నాదే, మారలేదు! చాలా?" దీపం జేబులో తోసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

తర్వాత మూలనుంచి యుయెన్ అనే ముసలామె లేచి వచ్చింది. పట్నంలో బాగుచేయించుకున్న దీపం ఆమె గుప్పిట్లో ఉంది.

"నాది కూడా చల్లగానే ఉంటోందమ్మా," అంది, గుప్పిట వదలకుండానే.

చమ్‌నియన్ స్టూలు బల్ల దగ్గరికి జరిపింది.

"ఇక్కడ కూర్చో అత్తా. నువ్వు చూస్తుండగానే విప్పుతా."